చీటీలో లేని ‘గా’

“రాయే సుధా, ముందు మెడకి పొడి రాసేస్తాను. రవ్వ తర్వాత వేపుకుందువు గానీ,” అని అత్తయ్య హాల్లోంచి పిలిచింది.

నేను స్టవ్ ముందు నిలబడి రేపటి వ్రతానికి ప్రసాదం రవ్వ వేపుతున్నాను. చెన్నై నుంచి వచ్చి ఒక్క రాత్రి గడిచిందంతే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఒక చేతిలో గుడ్డ, ఒక చేతిలో గరిట. బచేలీలో ఇల్లు నాలుగు రోజులు పట్టించుకోకపోతే చాలు, కొండ మీది గనుల్లోంచి వచ్చే ఇనప దుమ్ము కిటికీ చువ్వల మీదా టీవీ మీదా దేవుడి పటాల మీదా ఎర్రగా పేరుకుంటుంది. నెల రోజులు నేను లేను. ఇంట్లో అత్తయ్య ఉంది, రోజూ వచ్చి గిన్నెలు తోమి ఇల్లూడ్చి పోయే భీమే ఉంది. అయినా ఆ దుమ్మంతా నా కోసమే కాచుక్కూర్చున్నట్టుంది. పటాలు తుడుస్తుంటే మా ఆయన గవర్రాజు గారు ఫోన్లోంచి తలెత్తి, “నీకు రెస్టు కావాలన్నారు కదా, ఎందుకవన్నీ?” అన్నారు. అదే నోటితో, “టీ ఉందా?” అని కూడా అన్నారు. ఉంది. నేనే పెట్టాను.

“ఏం పొడి అత్తయ్యా?” అన్నాను వంటింటి గుమ్మంలోకి వచ్చి. ఎడమ దవడ బిగుసుకుపోయి ఉండటంతో నా మాట నాకే ముద్దగా వినిపిస్తోంది.

“ఏటే అలాగడుగుతావు? నీ మొగుడు ఫోన్లో పంపిన చీటీలో ఉన్నాది కదా, మెడకి పొడి అని. వారం రోజులు కష్టపడి సేసేను.”

చేతిలో హార్లిక్స్ సీసా. దాంట్లో ముప్పాతికకి పైగా పసుపుపచ్చగా, కొంచెం ఆకుపచ్చ తిరిగిన మెత్తటి పొడి. వేపాకు నీడన ఎండబెట్టిందట. కస్తూరి పసుపు కొమ్ములు జగ్దల్‌పూర్ వెళ్ళేవాళ్ళ చేత తెప్పించిందట. కచ్చూరాలు కలిపి భీమే చేత రోట్లో దంపించి, తన పాత నూలు చీర ముక్కలో మూడుసార్లు జల్లించిందట. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో వేపచెట్టు కిందికి వెళ్ళి రెమ్మలు కోసుకొచ్చింది. నాకోసం ఎవరైనా వారం రోజులు ఏ పనైనా చేయడం నాకు గుర్తున్నంతలో ఇదే.

ఆ చీటీ నాకు తెలుసు. దాని వెనక మాటా తెలుసు. నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

నా ఎడమ చెవి కింద గడ్డ లేచింది పోయిన ఎండాకాలంలో. లాలాజలం ఊరే గ్రంథిలో కేన్సర్ అన్నారు. విశాఖలో ఆపరేషన్ చేసి తీశారు. ఇంకా ఏవైనా కణాలు మిగిలి ఉంటే వాటిని చంపడానికి ప్రోటాన్ కిరణాలు పెట్టాలని చెన్నై పంపించారు. మొత్తం ముప్ఫై మూడు సిట్టింగులు. మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, అదే. కాకపోతే మామూలు కరెంటు అయితే లోపల నాలుకా గొంతూ రెండో చెంపా అన్నిటినీ కాల్చుకుంటూ పోతుందట, ఈ ప్రోటాను గడ్డ ఉన్నచోటి దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుందట. “లోపలి భాగాలు చాలావరకు బాగుంటాయమ్మా. పై చర్మం మాత్రం కొంచెం ఎక్కువ ఓర్చుకోవాలి,” అన్నారు డాక్టరుగారు. లోపలివాళ్ళంతా బాగుండాలంటే పైనున్నది ఓర్చుకోవాలి. ఇరవై ఆరేళ్ళుగా నాకు తెలిసిన ఏర్పాటే కదా అనుకున్నాను. డాక్టరుగారితో అనలేదు.

ఆ మొదటి రోజే నన్ను మాస్కు కొలతలకి లోపలికి తీసుకెళ్ళారు. మొహం మీద వేడి ప్లాస్టిక్ వల పరిచి, అది గట్టిపడేదాకా కదలకుండా పడుకోమన్నారు. అదే సమయంలో బయట సిస్టర్ కల్యాణి, నెల్లూరావిడ, ముప్ఫై ఏళ్ళుండవు, మా ఆయన్ని కూర్చోబెట్టి చర్మం ఎలా కాపాడుకోవాలో చెప్పింది. ఈయన ఒక చెవికి ఫోన్ పెట్టుకుని షిఫ్ట్ ఇన్‌ఛార్జితో కన్వేయర్ బెల్టు గురించి మాట్లాడుతూ, రెండో చెవితో ఆవిడ మాట విని, లాడ్జి రసీదు వెనకాల రాశారు. ఆ రసీదు ఫోటో తీసి ఇంటికి పంపారు, వాళ్ళమ్మ కంగారుపడుతోందని.

మెడ – పొడి.
వేడి – వద్దు. ఎండ – వద్దు.
సబ్బు – పిల్లలది.
రాపిడి – వద్దు.

సిస్టర్ అన్నది “మెడ ఎప్పుడూ పొడిగా ఉంచండి” అని. నాకెలా తెలుసంటే తర్వాత నాలుగు వారాలూ ఆ అమ్మాయి రోజూ నాకు చెప్పింది. గోరువెచ్చటి నీళ్ళు పోసుకోవాలి. తువ్వాలుతో తుడవకూడదు, అద్దాలి. మెడ ముడతల్లో చెమ్మ నిలవనివ్వకూడదు. పౌడర్లూ పసుపూ సెంట్లూ ఏవీ తగలకూడదు. కిరణం పెట్టాక ఆవిడిచ్చిన క్రీము పల్చగా రాయాలి, పెట్టే ముందు మాత్రం కాదు. మెత్తటి నూలు గుడ్డే వేసుకోవాలి. తాళ్ళూ గొలుసులూ ఉండకూడదు. “చర్మం ఊడి నీరు కారడం మొదలైతే మాస్కు బిగించడం కష్టమమ్మా. డాక్టరుగారు కొన్నాళ్ళు ఆపమనొచ్చు. మనం ఆపితే లోపల మిగిలినవి మాత్రం ఆగి కూర్చోవు,” అంది. నేను తుచ తప్పకుండా చేశాను. పందొమ్మిదో సిట్టింగుకి నా మెడ ఎర్రగా కందింది, దురద పెట్టింది, రాత్రిళ్ళు చురచురలాడింది గానీ ఎక్కడా చిట్లలేదు. సిస్టర్ మురిసిపోయింది. “సుధారాణి గారి మెడ చూసి నేర్చుకోండి,” అని పక్క బెంచీ వాళ్ళకి చూపించింది కూడా. బడిలో నాకు ఎప్పుడూ రాని ఫస్టు ప్రైజు అది.

ఇంతలో మిషను సర్వీసింగని ఐదు రోజులు ఆపారు, శనివారం నుంచి బుధవారం దాకా. గురువారం మళ్ళీ హాజరవ్వాలి. సిస్టర్ చెన్నైలోనే ఉండమంది. ఈయన వినలేదు. “సోమవారం పౌర్ణమి. నీ ఆరోగ్యం కోసం అమ్మ సత్యనారాయణ వ్రతం మొక్కుకుంది. ఇద్దరం పీటల మీద కూర్చోవాలి. ఆదివారం, సోమవారం ఉండి మంగళవారం పొద్దున్న పాసింజర్ ఎక్కేద్దాం, టికెట్లు కూడా చేసేశాను,” అన్నారు. అడగడం కాదు, చెప్పడం. శుక్రవారం చెన్నైలో రైలెక్కి, శనివారం విశాఖలో కిరండూల్ బండి మారి, సొరంగాలన్నీ లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరాం.

లోకానికి మా ఆయన దేవుడు. నెల రోజులు సెలవు పెట్టి పెళ్ళాం పక్కన ఉన్న మగవాడు మా టౌన్‌షిప్‌లో ఇంకోడు లేడట. నిజమే, ఉన్నారు. లాడ్జి గదిలో ఉన్నారు. ఆయనకి అక్కడి సాంబారు పడదు, అందుకని చిన్న స్టవ్వు కొన్నాం. పొద్దున్నే పేషెంటు లేచి అటెండెంటుకి పప్పూ చారూ వండి, ఆయన బనీన్లు ఉతికి ఆరేసి, అప్పుడు కరెంటు పెట్టించుకోవడానికి వెళ్ళేది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాకూ నవ్వే వచ్చింది మొదటి వారం.

“అత్తయ్యా, అది పొడి కాదు,” అన్నాను. “పొడిగా. మెడ పొడిగా ఉంచమని, తడి లేకుండా. పొడి రాయమని కాదు.”

అత్తయ్య మొహంలో వెలుగు అక్కడికక్కడే ఆరిపోయింది. సీసా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. “ఏట్రా గవర్రాజూ, అది పొడి కాదంట?”

ఆయన ఫోను పక్కన పెట్టారు. ఒక్క క్షణం ఆయన కళ్ళలో నేను స్పష్టంగా చూశాను, ఆయనకి గుర్తులేదు. సిస్టర్ ఏమందో, తనేం రాశారో, ఏమీ గుర్తులేదు. ఆ మాట అనేస్తే అయిపోయేది. “పొడి అనే అంది,” అన్నారు. “నేను అక్కడే ఉన్నాను కదా? నువ్వు లోపల మాస్కు పెట్టించుకుంటున్నావు. వినకుండా రాస్తానా?”

“రోజూ నాకు చెప్పేదండీ ఆ అమ్మాయి...”

“పసుపూ వేపాకూ రాస్తే చచ్చిపోతారా ఎవరైనా? వేలకి వేలు పోసి కొనే క్రీముల్లో ఉండేవి కూడా అవే. అమ్మ వారం రోజులు ఒళ్ళు హూనం చేసుకుంది. నీకు మనిషి కష్టం కనపడదు.”

నీకు మనిషి కష్టం కనపడదు. రవ్వ మాడుతున్న వాసన వచ్చింది. వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చాను.

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. తెలియక చేయలేదు నేను. నాకు బాగా తెలుసు. సిస్టర్ మాటలు వరసగా చెవిలో వినబడుతూనే ఉన్నాయి. కానీ ఎదురుగా ముసలావిడ మూత తీసిన సీసాతో నిలబడి ఉంది, కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. పక్కన ఈయన మొహం ముడుచుకుంటోంది, ఆ ముడత రెండ్రోజులు విప్పుకోదని నాకు అనుభవం. ఎవరి మొహమూ మాడకుండా చూసుకోవడం నా డ్యూటీ అని ఎవరు చెప్పారో తెలీదు, పెళ్ళిలో పంతులుగారైతే చెప్పలేదు. నాకు నలభై ఎనిమిదేళ్ళు. పదిహేడేళ్ళుగా టౌన్‌షిప్ స్కూల్లో నర్సరీ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను, ఏ పిల్లాడు పలక పగలగొట్టినా నేను వాడితో గట్టిగా మాట్లాడగలను. ఇంట్లోకి వచ్చేసరికి నాలుక మడతేసి లోపల పెట్టేస్తాను. ‘ఒక్కసారే కదా, కొంచెం రాయించుకుని మళ్ళీ కడిగేసుకుందాం’ అనుకున్నాను. వెళ్ళి అత్తయ్య ముందు పీట వేసుకుని కూర్చుని, మెడ వంచాను.

చల్లగా ఉంది మొదట. ఆవిడ వేళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయో. “కందిపోనాది తల్లీ, ఎంత కందిపోనాదో,” అని గొణుక్కుంటూ చెవి కిందా ముడతల్లోనూ అద్దింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నన్ను తల్లీ అని పిలవడం అదే మొదలు. ఆ మాట కోసం నేను మెడ ఇచ్చేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

సాయంత్రానికి మంట మొదలైంది. గోరువెచ్చటి నీళ్ళు పోసి కడిగాను గానీ పసుపు ఎక్కడ వదులుతుంది? ముడతల్లో గరగరలాడుతూనే ఉంది.

సోమవారం పొద్దున్న నేను పడుతూ లేస్తూ వంట చేశాను. పులిహోర, పప్పు, గారెలు, ప్రసాదం. నలుగురే అంతే, అన్నారు ఈయన, తీరా పదహారు మందిని పిలిచారు. గారెల మూకుడు సెగ సరిగ్గా ఎడమ పక్కకే తగులుతుంది, ఈ క్వార్టర్ వంటిల్లు కట్టినవాడు ఏ రోజూ వంట చేసి ఉండడు. భీమే చూసి, “దీదీ, హటో, మై కర్తీ హూఁ,” అని నన్ను పక్కకి జరపబోయింది. అత్తయ్య ఊరుకోలేదు. మడి వంట, భీమే ముట్టుకోకూడదు. ఆ పొడి దంచేటప్పుడు మాత్రం భీమే చేతులు పనికొచ్చాయి.

పీటల మీదికి వెళ్ళేముందు అత్తయ్య నా బోసి మెడ చూసింది. సిస్టర్ తీసేయమంటే పుస్తెలతాడు నెల రోజుల క్రితమే కర్చీఫ్‌లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నాను. “వ్రతం పూటైనా వద్దేటే? మొగుడు పక్కన బోసిగా కూకుంటావా?” అని కొత్త దారానికి తడి పసుపు పట్టించి, పుస్తెలు గుచ్చి, మెడలో వేసింది. దాని మీద మళ్ళీ పొడి. పట్టు జాకెట్టు అంచు ఆ కిందే తగులుతోంది. దీపాలు, అగరొత్తులు, కర్పూరం. కిరండూల్ నుంచి వచ్చిన పంతులుగారు ఐదు కథలూ సావకాశంగా చదివారు. రెండున్నర గంటలు. చెమట దిగి, పొడి తడిసి, తాడు దాంట్లో నాని, అంతా కలిసి మెడ మీద ముద్దలా గడ్డకట్టింది. నేను ఎడమ పక్కకి తల తిప్పలేకపోతున్నాను. ఈయన ఒకసారి వంగి, “కొంచెం నవ్వు మొహం పెట్టు, ఫోటోలు తీస్తున్నారు,” అన్నారు.

హారతి అయ్యాక అందరూ నా చుట్టూ చేరారు. “మెడ పచ్చగా ఎంత కళగా ఉందో!” అన్నారొకరు. “గవర్రాజు గారి లాంటి భర్త దొరకడం పూర్వజన్మ సుకృతం,” అన్నారు ఇంకొకరు. మా స్కూలు హెడ్ దుర్గా మేడం పక్కకి పిలిచి చెయ్యి పట్టుకుంది. “సుధా, మిమ్మల్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మీ రిజైన్ లెటర్ ఇంకా ఫైల్లోనే పెట్టి ఉంచాను. మీరు బాగయ్యాక మాట్లాడదాం,” అంది.

“ఏ లెటరు?” అన్నాను.

ఆవిడ నన్ను చూసి, మా ఆయన్ని చూసి, నా చెయ్యి వదిలేసింది. ఈయన గారె తుంచుకుంటూ అక్కణ్ణుంచే జవాబిచ్చారు: “నేనే ఇచ్చానండీ. ఆమె తరఫున. ఇంక ఆమెకి ఎందుకు ఆ గోలంతా.” అందరూ తలూపారు. ఎంత ప్రేమ.

ఆమె తరఫున. ఆ మాట నాకు కొత్త కాదు. ప్రతి సోమవారం చెన్నైలో డాక్టరుగారు పరీక్ష చేసేటప్పుడు సిస్టర్ అడిగేది, “నొప్పి ఎంత ఉందమ్మా? సున్నా నుంచి పదిలో?” అని. నేను దవడ కదిపేలోపే పక్క కుర్చీలోంచి ఈయన, “రెండండీ. రెండుకి మించదు. మా ఆవిడ గట్టిది,” అనేవారు. ఆవిడ రెండు అని రాసుకునేది. మూడోసారి మాత్రం పెన్ను ఆపి, “మిమ్మల్ని కాదు సార్,” అంది. నేను ఈయన మొహం చూశాను. చూసి, “రెండే,” అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

భోజనాలయ్యాక జనం వెళ్ళారు. నేను బాత్‌రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, తాడు తీద్దామని పట్టుకున్నాను. రాలేదు. మెల్లగా ఎత్తాను. తాడుతో పాటు చర్మం వచ్చింది. నానబెట్టిన చిక్కుడు గింజ మీద తోలు ఊడినట్టు, నొప్పి తెలిసేలోపే సుళువుగా వచ్చేసింది. అద్దంలో చెవి కింద నాలుగు వేళ్ళ వెడల్పున పచ్చి మాంసంలా మెరుస్తోంది, నీరు ఊరుతోంది. అప్పుడు తెలిసింది నొప్పి. గోడ పట్టుకుని కూలబడ్డాను. నాకు ఆ నొప్పికి ఏడుపు రాలేదు. ముప్ఫై మూడులో పద్నాలుగు మిగిలున్నాయి. లోపలివి ఆగి కూర్చోవు. బతకాలని నాకు ఎంత ఆశగా ఉందో ఆ బాత్‌రూం నేల మీద కూర్చుంటే గానీ తెలీలేదు. బతకాలని ఉంది నాకు. పిల్లలిద్దరూ రాయపూర్‌లో చదువుకుంటున్నారు, వాళ్ళ కోసమని చెబితే అందరూ మెచ్చుకుంటారు. కాదు. నా కోసమే బతకాలని ఉంది.

తలుపు కొట్టింది భీమే, గిన్నెలకి నీళ్ళు కావాలని. తీశాను. చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. “దీదీ! దాదీ బోలీ థీ దవా హై...” అత్తయ్య మందు అని చెప్పి దంచమందట. తను దంచిన పొడేనని భీమేకి అర్థమై కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కాచి చల్లార్చిన నీళ్ళ బిందె తెచ్చి, చెంబుతో సన్నగా ధార పోయడం మొదలెట్టింది. చెయ్యి తగలనివ్వలేదు, నన్నూ తగలనివ్వలేదు. ఎంతసేపు పోసిందో. మడి లేదు, మైల లేదు, ఆ నీళ్ళ కింద నా మెడ కొంచెం ఊపిరి పీల్చుకుంది.

హాల్లోకి వచ్చాను. మెడ మీద ఏమీ లేదు, నూలు పైట కూడా దూరంగా పట్టుకున్నాను. ఈయన చూశారు. మొహం పాలిపోయింది, అది ఒప్పుకుంటాను, భయపడ్డారు. ఆ వెంటనే ఆ భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోపం తెచ్చుకున్నారు. “గారెల దగ్గర అంతసేపు నిలబడ్డావు. వేడి వద్దని చీటీలో రాశానా లేదా?”

రాశారు. వేడి వద్దని రాసి, పదహారు మందికి గారెలని చెప్పారు.

“సరే, ఇప్పుడు ఇలాంటి మెడతో రైలెక్కి ఏం చేస్తాం? ఓ పది రోజులు ఆగి, మానాక వెళ్దాం. నాకూ ఈ వారం డీజీఎం విజిట్ ఉంది, పనికొస్తుంది. రేపటి టికెట్లు కేన్సిల్ చేస్తాను. హాస్పిటల్‌కి నేను చెప్తాను,” అన్నారు.

నేను అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉంది, సీసా ఒళ్ళో పెట్టుకుని. నా మెడ వైపు చూసి చూడలేక, మళ్ళీ చూస్తోంది. ఈయన పర్సులోంచి లాడ్జి రసీదు తీసుకున్నాను. బడి బ్యాగులో ఉన్న ఎర్ర పెన్సిలుతో ‘పొడి’ పక్కన ‘గా’ అని రాసి, ఆవిడ చేతిలో పెట్టాను. నాలుగో తరగతి చదివింది ఆవిడ. వేలు పెట్టి కూడబలుక్కుంది. “పొ...డి...గా.” మళ్ళీ చదివింది.

“ఇంతేనేటే తేడా?”

“ఇంతే అత్తయ్యా.”

“ఒరే,” అంది కొడుకుని, గొంతు ఎక్కడో లోతులోంచి వచ్చింది. “ఒక్క అచ్చరం రాయడానికి తీరిక లేకపోనాదేట్రా నీకు? ఉన్నది సదివి నాను దీని పీక కోసేసేను కదరా.”

“అంతా నా మీదికి తోసేయండి!” అన్నారు ఈయన. “నెల రోజులు అక్కడ పడి ఉన్నది ఎవరు?” అంటూనే నంబరు కలిపి, స్పీకర్ పెట్టి, ఫోను బల్ల మీద ఉంచి, పెద్ద ఆఫీసరు గొంతుతో మొదలుపెట్టారు: “సిస్టర్, నేను సుధారాణి హస్బెండ్‌ని. ఆమె స్కిన్ కొంచెం రియాక్ట్ అయిందండీ. వేడి శరీరం కదా ఆమెది. పది రోజులు గ్యాప్ తీసుకుందామనుకుంటున్నాం.”

“గ్యాపా? వద్దు సార్, ఆ నిర్ణయం డాక్టరుగారు చూసి చెప్పాలి,” అంది సిస్టర్ కల్యాణి. వెనకాల ఎవరివో పిలుపులు, ట్రాలీ చప్పుడు. “శుక్రవారం చూసినప్పుడు చాలా బాగుందే. మెడకి ఏమైనా రాశారా సార్?”

ఆయన నా వైపు చూశారు. వాళ్ళమ్మ వైపు చూశారు. ఒళ్ళో సీసా వైపు చూశారు.

“ఏమీ రాయలేదండీ,” అన్నారు.

నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఇదేం పెద్ద అబద్ధం కాదు ఆయన లెక్కలో. పరువు కోసం ఆడేది, రోజూ ఆడేది, రెండండీ అన్నంత తేలిక. ఆ డాక్టర్లు నా మెడకి ఏమైందో తెలీకుండా వైద్యం చేస్తారు, ఏ మందు మారుస్తారో, ఎన్నాళ్ళు ఆపుతారో, అదంతా నా ఒంటి మీద జరుగుతుంది. ఆయన తరఫున.

చెయ్యి చాపి ఫోను తీసుకున్నాను. ఆయన, “నువ్వు మాట్లాడకు, దవడ నొప్పెడుతుంది,” అన్నారు. పెట్టనీ.

“సిస్టర్, నేను సుధారాణిని. రాశారు. పసుపూ వేపాకూ పొడి, రెండు రోజులు. తడి పసుపు తాడు కూడా. మీరు వద్దన్నారని తెలిసి కూడా నేనే రాయించుకున్నాను. ఇప్పుడు చర్మం ఊడింది, చెవి కింద నాలుగు వేళ్ళంత. నీరు కారుతోంది. జ్వరం లేదు.”

తిడుతుందనుకున్నాను. “మంచి పని చేశారమ్మా చెప్పి,” అంది. తర్వాత గబగబా చెప్పుకుపోయింది. ఇంకేమీ రాయొద్దు, గీకొద్దు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు పొయ్యండి. నేను బ్యాగులో పెట్టిచ్చిన అంటుకోని పట్టీ ఉంది కదా, అది వదులుగా వెయ్యండి. నాకు ఫోటో పంపండి, ఇప్పుడే డాక్టరుగారికి చూపిస్తాను. జ్వరం వస్తే దార్లో ఎక్కడైనా సరే వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి. మీ అంతట మీరు ఆపొద్దు, గురువారానికి వచ్చేయండి. ఆపాలో వద్దో ఇక్కడ చూసి చెబుతారు, చాలామందికి పట్టీలు మార్చుకుంటూ కొనసాగిస్తాం. అన్నీ విని నేను ఒక్కొక్కటీ తిరిగి చెప్పాను, నర్సరీ పిల్లల చేత చెప్పించినట్టు. ఈసారి ‘గా’లూ ‘వద్దు’లూ ఏవీ వదల్లేదు.

“ఎవరితో వస్తున్నారు?”

“రేపు పొద్దున్న పాసింజర్‌కి నా టికెట్ ఉంది. నేనొక్కదాన్నే వస్తున్నాను.”

“సుధా!” అన్నారు ఈయన. అత్తయ్య చెయ్యి ఎత్తి కొడుకుని ఆగమంది. ఆవిడ అలా చెయ్యెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

“ఇకనుంచి ఏదున్నా ఈ నంబరుకి కాదు సిస్టర్, నా నంబరుకి చెయ్యండి, రాసుకోండి,” అని చెప్పాను. రాసుకుంది.

“సరేనమ్మా. డాక్టరుగారికి చెప్పాలి, నొప్పి ఎంత ఉంది? సున్నా నుంచి పదిలో?”

మా ఆయన బల్లకి అవతల నిలబడి ఉన్నారు. అలవాటుగా నోరు తెరిచారు కూడా.

“ఎనిమిది,” అన్నాను.

“అయ్యో. ఈ పొడి రాసిన దగ్గర్నుంచా?”

“కాదు సిస్టర్,” అన్నాను ఆయన్నే చూస్తూ. “ఆయన రెండని చెప్పిన రోజు నుంచీ.”